పవర్ ఆఫ్ మేడం

మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో చాముండేశ్వరిని భోజనానికి పిలిచేవాళ్లు ముందురోజే ఇంట్లోని పాత ఎక్స్‌టెన్షన్ బోర్డులన్నీ తీసి గరాజ్‌లో దాచేస్తారు. ఆమె వచ్చి, చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగి, ఒకసారి గోడల వెంబడి చూపు తిప్పుతుంది. టీవీ వెనక వేలాడే వైరు, మిక్సీ తీగకి చుట్టిన టేపు, దేవుడి గూట్లో మినుకుమినుకుమనే సీరియల్ లైట్లు, ఏవీ ఆ చూపును తప్పించుకోలేవు.

"ఈ ప్లగ్గు ఎవురు పెట్టినారమ్మా? ఎర్తు లేకుండా ఎట్ల వాడుతాండారు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా స్విచ్చి తీసేస్తుంది. ఆ పూట ఆ ఇంట్లో పచ్చడి రోట్లో నూరుకోవాల్సిందే.

ఇది చాదస్తం కాదు, ఉద్యోగం. ఇక్కడ బడుల్లో, ఆఫీసుల్లో, హాళ్లలో కరెంటుతో నడిచే కెటిళ్లనీ ఫ్యాన్లనీ డ్రిల్లింగ్ మిషన్లనీ అప్పుడప్పుడు పరీక్ష చేయించి, వైరుకి తేదీ వేసిన చీటీ చుట్టిస్తారు. ఆ చీటీలు చుట్టే మనిషి చాముండేశ్వరి. వయసు అరవై ఒకటి. చీర మీద మెరుపు పట్టీల సేఫ్టీ జాకెట్, చేతిలో పసుపుపచ్చ టెస్టర్ పెట్టె, పాత తెల్లకారు. ఆమె ఇంగ్లీషులో ముఖ్యమైన మాటలు రెండే, పాస్, ఫెయిల్. ఆ రెండింటితోనే పశ్చిమ మెల్‌బోర్న్‌లో సగం ఆమె చెప్పుచేతల్లో ఉంటుంది. ఒక బడి ప్రిన్సిపాల్ ఇరవై ఏళ్లుగా టీ కాచుకుంటున్న కెటిల్‌కి ఆమె ఎర్రచీటీ కట్టేసరికి ఆయన, "ఇట్స్ మై ఫేవరెట్ కెటిల్" అని బతిమాలుకున్నాడట.

"ఫేవరెట్ ఆల్సో ఫెయిల్," అని చెప్పి ఆమె పక్కగదిలోకి వెళ్లిపోయింది.

భర్త పోయాక, పదకొండేళ్ల కిందట ఆమె కూతురు సింధుజ దగ్గరికి వచ్చింది. సింధుజ క్లేటన్‌లో చదువుకుని, ఫార్మసిస్టుగా స్థిరపడి టార్నీట్‌లో ఇల్లు కట్టుకుంది. తల్లికి పొద్దుపోక పోతుందేమోనని దగ్గర్లోని ఆప్ షాపులో, అంటే జనం దానంగా ఇచ్చిన పాత సామాను అమ్మే దుకాణంలో, బట్టలు మడిచే పని చూపించింది. రెండో వారానికే చాముండేశ్వరి బట్టలు వదిలేసి వెనకగదిలో చేరింది. అక్కడ పరీక్ష చేసేవాళ్లు లేక, బాగా పనిచేసే టోస్టర్లని కూడా చెత్తలో పడేస్తున్నారు. ఆ పరీక్షేదో తానే చేస్తానని ఆమె పట్టుబట్టింది. ఆమె పోరు పడలేక దుకాణం మేనేజరు రెండు రోజుల కోర్సుకి పంపించింది. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ అనుభవం ఏమైనా ఉందా అని అడిగితే, "ట్వంటీ టూ ఇయర్స్," అంది.

అబద్ధం కాదు. అనంతపురం జిల్లాలోని ఒక పాలిటెక్నిక్‌లో ఆమె ఇరవై రెండేళ్లు ల్యాబ్ అటెండర్‌గా చేసింది. అది మైక్రోప్రాసెసర్ ల్యాబ్. అందులో ఎనిమిది కిట్లు. ఒక్కో కిట్టు పరీక్ష అట్ట కంటే కొంచెం పెద్దది. దాని మీద నల్లటి చిప్పులు, క్యాలిక్యులేటర్‌కి ఉన్నట్టు మీటలు, ఎర్రగా వెలిగే ఆరంకెల డిస్‌ప్లే. తెర లేదు, మౌసు లేదు. యంత్రానికి అర్థమయ్యే అంకెల్ని ఒక్కొక్కటే నొక్కి లోపలికి పంపాలి. మధ్యలో కరెంటు పోయిందా, నొక్కిందంతా పోతుంది.

అరవై మంది పిల్లలకి ఎనిమిది కిట్లు. బీరువా తాళంచెవి చాముండేశ్వరి కొంగున ఉండేది. సరిగ్గా నాలుగున్నరకి, "టైమైంది, పవర్ ఆఫ్!" అని కేకేసి గోడ మీది మెయిన్ స్విచ్చి కిందికి లాగేది. "ఒక్క నిమిషం మేడం, లాస్ట్ స్టెప్ మేడం" అని ఎవరు మొత్తుకున్నా లాభం లేదు. గంటన్నర పాటు నొక్కిన ప్రోగ్రాం కళ్లముందే మాయమయ్యేది. ఆ కాలేజీలో చదివిన ఇరవై రెండు బ్యాచ్‌లలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. పవర్ ఆఫ్ మేడం అంటే తెలియనివాళ్లు లేరు.

విడ్డూరం ఏమిటంటే, ఆమె జీవితంలో ఒక్క ప్రోగ్రాం కూడా నొక్కి ఎరగదు. ఫ్యూజులు మార్చింది. ఊడిన మీటల్ని సోల్డర్ చేసింది. ఏ చిప్పు కాలిందో వాసన పట్టి చెప్పేది. కానీ అటెండర్ కిట్టుని మోయాలి, తుడవాలి, నడపడం మాత్రం లెక్చరర్ పని అని ప్రిన్సిపాల్ ఉత్తర్వు. రోజూ పొద్దున్నే ఒక్కొక్క కిట్టుకి కరెంటిచ్చి, రీసెట్ నొక్కి, అంకెలు వెలిగాయా లేదా చూసి ఆపేసేది. ఆమె నడిపింది అంతవరకే.

*

విజయభాస్కర్ ఆ కాలేజీ నుంచి తొంభై తొమ్మిదిలో బయటపడ్డ బ్యాచ్. సిటీలో పెద్ద ఐటీ మేనేజరు. మేనేజరు అయ్యాక పదేళ్లుగా అతడు కంప్యూటర్‌తో చేస్తున్న పని, క్యాలెండర్‌లో మీటింగులు పెట్టడం. ఆరు నెలల కిందటే బ్రిస్బేన్‌లోని సన్నీబ్యాంక్ నుంచి టార్నీట్‌కి మారాడు. తన నలభై ఏడో పుట్టినరోజుకి ఏదో తెప్పించుకుంటున్నానని అతడంటే, భార్య నీరజ అది మాంసం కాల్చుకునే బార్బెక్యూ పొయ్యి అనుకుని మసాలాలు కూడా కొనిపెట్టింది. తీరా పెట్టె విప్పితే అందులో ఒక ఆకుపచ్చ బోర్డు, సంచీ నిండా విడిభాగాలు, ముప్పై పేజీల పుస్తకం. అతడు చదువుకున్న రోజుల్లో ల్యాబుల్లో ఉండే కంప్యూటర్ కిట్టుకి అచ్చు నకలు. అన్నీ మనమే అతికించి తయారుచేసుకోవాలి.

"దీంతో ఏం చేస్తారండీ?" అంది నీరజ.

"కూడికలు చెయ్యొచ్చు."

నీరజ మసాలాలు తీసి అలమారలో సర్దేసింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఆ సాయంత్రమే విజయభాస్కర్ 'టార్నీట్ తెలుగు కుటుంబాలు' వాట్సాప్ గుంపులో ఒక ప్రకటన పెట్టాడు. అక్టోబర్‌లో జరిగే వార్షికోత్సవంలో పాతకాలపు కంప్యూటర్‌ని స్వహస్తాలతో తయారుచేసి, మన పిల్లలకి కంప్యూటర్ పుట్టుక ఎలాంటిదో ప్రత్యక్షంగా చూపిస్తానని. అరవై ఎనిమిది మంది బొటనవేళ్లు ఎత్తారు.

మూడు శనాదివారాలు వంటింటి బల్ల మీద సోల్డరింగ్ చేశాడు. నాలుగో శనివారం మధ్యాహ్నం నీరజని పిలిచి, ఫోన్‌లో వీడియో తియ్యమని చెప్పి, స్విచ్చి వేశాడు. టప్పుమని ఒక డబ్బా పేలింది. కెపాసిటర్‌ని తలకిందులుగా పెట్టాడు మరి. సన్నటి పొగ లేచి, పైకప్పుకి ఉన్న స్మోక్ అలారం కీచుమని అరవడం మొదలుపెట్టింది. అతడు తువ్వాలుతో విసురుతూ, "వీడియో ఆపు!" అని అరుస్తుంటే, ఎడమచేత్తో కిటికీ తెరుస్తూ కుడిచేత్తో నీరజ తీస్తూనే ఉంది. ఆ వీడియో ఇప్పటికీ ఆమె దగ్గర భద్రంగా ఉంది.

కొత్త కెపాసిటర్ పెట్టాక పేలడమైతే ఆగింది. కానీ స్విచ్చి వేస్తే ఆరు గడుల్లోనూ ఎనిమిదులు వెలిగి అలాగే ఉండిపోయేవి. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఇంటర్నెట్టంతా గాలించాడు, చిప్పుల్ని ఊడబీకి మళ్లీ పెట్టాడు, చివరికి బోర్డుకి కుంకుమ బొట్టు కూడా పెట్టాడు. ఎనిమిదులు ఎనిమిదుల్లాగే ఉన్నాయి.

"ఏదో వెలుగుతోంది కదండీ, ఇదే చూపించెయ్యండి. పిల్లలకేం తెలుస్తుంది?" అంది నీరజ.

"అది వెలగడం కాదు నీరజా. అది అరవడం."

*

వార్షికోత్సవానికి హాలు అద్దెకిచ్చినవాళ్లు ఒక షరతు పెట్టారు. బయటినుంచి తెచ్చే ప్రతి కరెంటు వస్తువుకీ చీటీ ఉండాలి. అందుకని వారం ముందు శనివారం అందరూ తమ రైస్ కుక్కర్లూ కీబోర్డులూ సౌండు పెట్టెలూ పట్టుకుని హాలు దగ్గర వరస కట్టారు. బల్ల వెనక చాముండేశ్వరి కూర్చుంది.

ఆ వరసలో చిట్టచివర విజయభాస్కర్ నిలబడ్డాడు. అతడి మనసులో ఒకటే కోరిక, తన అడాప్టర్ ఫెయిల్ కావాలని. ఫెయిలైతే, "నేను సిద్ధమేనండీ, రూల్స్ ఒప్పుకోలేదు" అని గుంపులో రాసి పరువు దక్కించుకోవచ్చు. ఎప్పుడో చూసిన ల్యాబ్ అటెండర్‌ని ఈ జాకెట్‌లో, ఈ నెరిసిన జుట్టుతో అతడు గుర్తుపట్టలేదు.

చాముండేశ్వరి అడాప్టర్‌ని టెస్టర్‌కి తగిలించి, "పాస్," అంది.

"ఆంటీ, ఇంకోసారి చూడండి. కొంచెం వేడెక్కుతున్నట్టుంది."

మళ్లీ చూసింది. "పాస్."

"ఫెయిలయ్యే ఛాన్స్ ఏమీ లేదంటారా?"

ఫెయిల్ చెయ్యమని బతిమాలేవాడిని ఆమె ఈ దేశంలో మొదటిసారి చూసింది. అనుమానం వచ్చి, "దీన్ని దేనికి పెడతావప్పా? ఆ వస్తువు యాడుంది?" అంది. అతడు తప్పదన్నట్టు అట్టపెట్టె మూత తీశాడు.

ఆమె చేతులు చీరకొంగుకి తుడుచుకుని బోర్డుని అంచులు పట్టుకుని బయటికి తీసింది. మీటల మీద వేళ్లు ఆనించింది కానీ నొక్కలేదు. ఇంతలో హాలు కాపలాదారు తలుపు దగ్గర నిలబడి తాళాలు ఆడించాడు. గోడ గడియారం చూసి, అలవాటు చొప్పున ఆమె గొంతెత్తి ఒక కేక వేసింది.

"టైమైంది! పవర్ ఆఫ్!"

విజయభాస్కర్ రెండు చేతులూ బల్ల మీద నుంచి ఒక్కసారిగా పైకి లేచాయి. ఇరవై ఆరేళ్ల కిందట పిల్లలంతా అలాగే చేతులెత్తి వెనక్కి జరిగేవాళ్లు.

"మేడం!" అన్నాడు.

ఆమె కళ్లద్దాలు సర్దుకుని అతడి ముఖంలోకి చూసింది. "ఏ బ్యాచ్ నువ్వు?"

"తొంభై తొమ్మిది మేడం. ఎలక్ట్రానిక్స్."

"ఊఁ. కిట్టు పనిచేస్తాందా?"

అందరి ముందూ చేస్తోందని చెప్పే అతడు ఆమె ముందు చెప్పలేకపోయాడు. "లేదు మేడం. అన్నీ ఎనిమిదులే వస్తున్నాయి."

"రేపు పొద్దున టిఫిను చేసి వస్తా. భూతద్దం ఉందా ఇంట్లో? లేకపోతే నేనే తెచ్చుకుంటాలే."

*

ఆదివారం తొమ్మిదింటికల్లా చాముండేశ్వరి విజయభాస్కర్ వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. నీరజ ఆమె వస్తోందని తెలిసి మిక్సీని వాషింగ్ మెషీన్‌లో దాచింది. కానీ ఆ రోజు ఆమె కంటికి గోడలు ఆనలేదు. బోర్డుని తిరగేసి, భూతద్దంలోంచి వరసగా ఒక్కొక్క అతుకూ చూసుకుంటూ వచ్చింది.

"ఇది సోల్డరింగేనా? సంగటి ముద్దలు పెట్టినట్టు పెట్టినావు గదప్పా!"

"యూట్యూబ్ చూసి చేశాను మేడం."

"వాళ్లు సరిగానే చేసుంటారులే. ఇదో చూడు, ఈ రెండు కాళ్లకూ కలిపి ఒకటే ముద్ద. ఈడ కరెంటు ఎటు పోవాలో దానికే తెలీకుండా పోయింది."

ఆ రెంటినీ విడదీసింది. ఇంకోచోట ఒక అతుకు మెరుపు లేకుండా బూడిదరంగులో ఉంటే, అది పైపైన అంటుకుందే కానీ లోపల పట్టలేదని చెప్పి మళ్లీ కాల్చింది. తర్వాత చిప్పుల్ని ఒక్కొక్కటే ఊడదీసి కాళ్లు లెక్కపెట్టింది. ఒక చిప్పుకి ఇరవై నాలుగు కాళ్లుండాల్సింది ఇరవై మూడే కనిపించాయి. ఇరవై నాలుగోది కడుపు కిందికి ముడుచుకుని పడుకుంది.

ఆమె పట్టకారుతో ఆ కాలిని నిటారుగా చేస్తుండగా, ఎదురుగా కూర్చున్న విజయభాస్కర్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"మేడం, ఒక మాట. అప్పట్లో నాలుగో నంబరు కిట్టు పగిలింది గుర్తుందా? కింద పడేసింది నేనే. ఎవరూ చూడకుండా బీరువాలో పెట్టేశాను. మీకు మెమో ఇచ్చారని తర్వాత తెలిసింది."

"తెలుసు," అంది ఆమె తలెత్తకుండానే.

"తెలుసా?"

"తప్పు చేసినోడు మరుసటి దినం నుంచి నమస్తే పెడతాడప్పా. నువ్వు ఆ సంవత్సరమంతా దినానికి రెండు తూర్లు పెట్టినావు. వరండాలో అవతలి పక్క నుంచి కూడా."

"మరి ప్రిన్సిపాల్‌కి చెప్పలేదేం?"

"చెప్తే నీకు టీసీ ఇచ్చేటోడు. ఎలుకలు పడేసినాయని సంజాయిషీ రాసిచ్చినా."

"నమ్మాడా?"

"నమ్మినాడు. పిల్లిని తెచ్చి పెట్టుకోమని ఆర్డరేసినాడు. ఆ పిల్లి రెండేండ్లు ల్యాబ్‌లో నా ప్రాణం తీసింది. వేడిగా ఉంటాయని కిట్ల మీదనే పండుకునేది. దానికైతే నువ్వు క్షమాపణ చెప్పాల్సిందే నాకు."

నీరజ కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి నవ్వాపుకోలేక మళ్లీ లోపలికి వెళ్లింది. విజయభాస్కర్ పిల్లి విషయమై విడిగా క్షమాపణ చెప్పాడు. ఆమె స్వీకరించింది.

చిప్పులన్నీ తిరిగి బిగించి, స్విచ్చి వేసింది. ఎనిమిదులు ఒక్కసారి మెరిసి ఆరిపోయాయి. ఎడమ చివర ఒక చిన్న అడ్డగీత మాత్రం వెలుగుతూ మిగిలింది. కిట్టు సిద్ధంగా ఉంది, ఏం చెయ్యాలో చెప్పమని అడుగుతోందని దానర్థం. విజయభాస్కర్ కుర్చీలోంచి లేచి గట్టిగా చప్పట్లు కొట్టాడు. చాముండేశ్వరి తల ఊపి, చెయ్యి చాచి స్విచ్చి ఆపబోయింది.

"అయ్యో, ఆపకండి మేడం! ప్రోగ్రాం వేద్దాం."

"వెయ్యి. చూస్తా."

విజయభాస్కర్ మీటల వైపు చూశాడు. మీటలు అతడి వైపు చూశాయి. కాసేపటికి, "మేడం, నిజం చెప్పాలంటే నేను రికార్డంతా పక్కవాడిది చూసి రాశాను," అన్నాడు. "కిట్టు నా దాకా వచ్చేసరికి మీరు స్విచ్చి తీసేసేవారు."

ఆమె స్విచ్చి దగ్గర్నుంచి చెయ్యి తీసేసింది. కిట్టునే చూస్తూ, పెదవులు కదుపుతూ ఏదో మననం చేసుకుంది. తర్వాత మెల్లగా పైకి అనడం మొదలుపెట్టింది.

"మూడు ఈ, సున్నా అయిదు. సున్నా ఆరు, సున్నా ఏడు. ఎనభై."

"అదేంటి మేడం?"

"అయిదూ ఏడూ కూడే ప్రోగ్రాం. లెక్చరర్ సారు ప్రతి సంవత్సరం మొదటి క్లాసులో ఇదే చెప్పేటోడు. ఇరవై రెండేండ్లు బీరువా పక్కన స్టూలు మీద కూర్చోని విన్యా. ఇంకా ఉన్నాయి. ముప్పై రెండు, యాభై, ఇరవై. డెబ్బై ఆరు కొడితే నిలబడిపోతుంది."

"అయితే మీరే నొక్కండి మేడం!"

"నేనా?" అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "తప్పుపోతే?"

"తప్పుపోతే రీసెట్. ఇక్కడ మెమో ఇచ్చేవాళ్లెవరూ లేరు."

చాముండేశ్వరి మొదటి మీట నొక్కేసరికి కాఫీ చల్లారిపోయింది. ఒక్కొక్క అంకె నొక్కి, డిస్‌ప్లేలో అది సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుని, అప్పుడు గాని రెండోదానికి వెళ్లలేదు. అన్నీ అయ్యాక నడపమనే మీట నొక్కి, జవాబు దాచిన చోటు తెరిచి చూసింది. సున్నా, పక్కన సీ.

"వచ్చింది," అంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "వచ్చిందప్పా," అని మళ్లీ అంది. తర్వాత అయిదు తీసేసి తొమ్మిది పెట్టి చూసింది. ఆ తర్వాత రెండూ మూడూ. పన్నెండింటిదాకా అలా కూడుతూనే ఉంది. నీరజ భోజనం వడ్డించి పిలిస్తే, "ఉండమ్మా, ఇంకొక్కటి," అంది. జీవితంలో ఆమె ఇంకొకరికి ఎప్పుడూ ఇవ్వని ఒక్క నిమిషాన్ని ఆ రోజు తనకోసం పదిసార్లు అడిగింది.

*

ఆ వారమంతా ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని ఒక పెద్ద ప్రోగ్రాం తయారుచేశారు. ఎర్ర అక్షరాల్లో 'హలో టార్నీట్' అని కుడినుంచి ఎడమకి పరుగెత్తాలి. మొత్తం నూట పన్నెండు అంకెల జంటలు. చాముండేశ్వరి వాటిని నోటుపుస్తకంలో గళ్లు గీసి రాసుకుంది.

వార్షికోత్సవం ఆదివారం. పదకొండు గంటలకి ప్రదర్శన. ఆమె పట్టుచీర మీద జాకెట్ వేసుకుని తొమ్మిదిన్నరకే హాలు మూల బల్ల దగ్గర కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది. ఎవరు పలకరించినా ఎడమచెయ్యి ఎత్తి ఆగమనడమే. గంటా పదినిమిషాలకి నూట పన్నెండో జంట పడింది. అక్షరాలు ఒకసారి చక్కగా పరుగెత్తాయి. విజయభాస్కర్ ఫోటో తీద్దామని ఫోన్ తీస్తుండగా డిస్‌ప్లే టక్కున ఆరిపోయింది.

ఇద్దరూ గోడ వైపు తిరిగారు. భోజనాల కమిటీ మల్లికార్జున ఒక చేత్తో కిట్టు ప్లగ్గు, ఇంకో చేత్తో టీ కాచే పెద్ద పాత్ర ప్లగ్గు పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఆంటీ, పాలు కాగగానే మళ్లీ పెట్టేస్తా," అన్నాడు. ఆమె ముఖం చూసి, వెంటనే ప్లగ్గు తిరిగి గుచ్చి, "ఇదిగో, పెట్టేశా. ఏం కాలేదు, చూడండి, వెలుగుతోంది," అన్నాడు.

అడ్డగీత ఒక్కటే వెలుగుతోంది. మల్లికార్జునకి ఇవాళ్టితో నూకలు చెల్లాయనుకున్నాడు విజయభాస్కర్. చాముండేశ్వరి మాత్రం నోటుపుస్తకంలోని గళ్ల మీద మొదటినుంచి చివరిదాకా వేలు జరుపుకుంటూ పోయింది.

"భాస్కరా," అంది చివరికి. "మీకందరికీ ఇట్లే ఉండేదా?"

"ఇంతకంటే ఘోరం మేడం. మాకు మార్కులు కూడా పోయేవి."

"మరి ఎవురూ చెప్పలేదేమప్పా నాకు?"

"మీకు చెప్పే ధైర్యం ఎవరికుంది మేడం?"

ఆమె నిట్టూర్చి మల్లికార్జున వైపు తిరిగి, "పో నాయనా, టీ కాచుకో పో, ఇంకో ప్లగ్గు ఆ పక్కన ఉంది," అంది. ఆమె మెత్తగా మాట్లాడేసరికి మల్లికార్జునకి ఇంకా భయం వేసింది. ఆ రోజంతా ఆమె దగ్గరికి పావుగంటకోసారి టీ తెచ్చిచ్చాడు.

పదకొండుకి పదినిమిషాలే ఉంది. నూట పన్నెండూ నొక్కడం అయ్యే పని కాదు. కంఠస్థంగా వచ్చిన అయిదూ ఏడూ కూడికే గతి. మైకులో పిలిచేసరికి బల్ల చుట్టూ నలభై మంది దాకా మూగారు. విజయభాస్కర్ కంప్యూటర్ పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పాడు. "వేరీజ్ ద స్క్రీన్?" అని ఒక పిల్ల అడిగింది. తర్వాత చాముండేశ్వరి మీట నొక్కింది. సున్నా సీ అని వచ్చింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందువరసలో నిలబడ్డ శేషాచలం గారు, తిరుపతిలో ముప్పై అయిదేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు, గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, అయిదూ ఏడూ పన్నెండు. మీ యంత్రం తప్పు చెబుతోంది."

"యంత్రం తప్పు చెప్పదు సార్."

"సున్నా సీ ఏమిటమ్మా? లెక్కలో అక్షరాలుంటాయా?"

విజయభాస్కర్ వివరించబోయాడు. హెక్సాడెసిమల్ అన్న మాట అతడి నోట్లోంచి వచ్చేసరికి వెనకవరస జనం పకోడీల వైపు కదిలారు. చాముండేశ్వరి లేచి నిలబడి కుడిచెయ్యి అందరికీ కనబడేట్టు ఎత్తింది.

"సార్, మీరు జపం చేసేటప్పుడు ఎట్ల లెక్కపెడతారు?"

"కణుపుల మీద."

"ఒక వేలికి ఎన్ని?"

"మూడు కణుపులు, పైన కొన. నాలుగు."

"నాలుగు వేళ్లకు?"

"పదహారు."

"దీనికీ అంతే సార్. మనం పదికి కట్ట కడతాం, ఇది పదహారుకు కడుతుంది. తొమ్మిది దాకా అంకెలున్నాయి. ఆపైన ఒంటి అంకెలు లేక ఏ, బీ, సీ అంటుంది. లెక్కపెట్టండి. చిటికినవేలు నాలుగు, ఉంగరంవేలు ఎనిమిది, నడిమివేలు మొదటిది తొమ్మిది, ఏ, బీ, సీ."

శేషాచలం గారి బొటనవేలు నడిమివేలి కొన మీద ఆగింది. ఆయన దాన్ని ఒకసారి చూసుకుని, మళ్లీ చిటికినవేలి నుంచి మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే ఆగింది.

"పన్నెండు!" అన్నారు బిగ్గరగా. "పన్నెండే! ఎంత ముచ్చటగా ఉందమ్మా ఇది! అరవై ఏళ్లుగా చేతిలో పెట్టుకుని తిరుగుతున్నానా దీన్ని?"

అప్పుడు పడ్డాయి చప్పట్లు. పకోడీల వైపు వెళ్లినవాళ్లు కూడా వెనక్కి వచ్చి వేళ్లు మడవడం మొదలుపెట్టారు. ఇందాకటి పిల్ల చూపుడువేలి దాకా లెక్కపెట్టి, "సో ఎఫ్ మీన్స్ ఫెయిల్?" అని అడిగింది.

"నో, నో," అంది చాముండేశ్వరి. "హియర్ ఎఫ్ ఈజ్ ఫిఫ్టీన్. వెరీ గుడ్ నంబర్."

మధ్యాహ్నం రెండింటిదాకా ఆమె బల్ల దగ్గర వరస తగ్గలేదు. పిల్లలు తమ వయసుని కూడించుకున్నారు, పెద్దలు తమ వయసుని ఆ లెక్కలో తగ్గించుకున్నారు. నీరజ తనకి ఇరవై తొమ్మిదేళ్లేనని, కావాలంటే యంత్రాన్ని అడగమని అందరికీ చెప్పింది. ఆమెకి నలభై ఒకటి.

*

డిసెంబర్‌లో చాముండేశ్వరి తనకంటూ ఒక కిట్టు తెప్పించుకుంది. నాలుగు మధ్యాహ్నాల్లో అతికించి, మొదటి స్విచ్చికే గీత వెలిగించింది. ఇప్పుడు వంటింట్లో పొయ్యికి పక్కగా ఉంటుంది. విజయభాస్కర్‌కి మీటింగు మధ్యలో ఫోన్ వస్తుంటుంది. "భాస్కరా, ప్రోగ్రాంలో వెనక్కి దుమికేదానికి ఏ అంకె?" అని అడుగుతుంది. అతడు మ్యూట్ నొక్కి, పుస్తకం తీసి చూసి చెప్పి, మళ్లీ మీటింగులోకి వస్తాడు. పదేళ్ల తర్వాత తనకి ఆఫీసులో చేస్తున్న పని కాస్త ఉపయోగకరంగా అనిపిస్తోందని నీరజతో అన్నాడట.

ఆమె సొంతంగా రాసిన మొదటి ప్రోగ్రాం అన్నం ఉడకడానికి. పొయ్యి మీద గిన్నె పెట్టి మీట నొక్కితే, డిస్‌ప్లేలో అంకెలు తగ్గుతూ వచ్చి, సున్నా దగ్గర చిన్న బజరు మోగుతుంది. అది చూసి సింధుజ, "అమ్మా, ఫోన్‌లో టైమర్ ఉంది కదా!" అంది.

"ఫోన్‌లోది ఎవురో రాసింది. ఇది నేను రాసింది. గమ్మునుండు."

మొదటిరోజు బజరు మోగేసరికి అన్నం జావయ్యింది. తల్లీకూతుళ్లు దాన్ని పెరుగు కలుపుకుని తాగినంత పని చేశారు. ఆ సాయంత్రం చాముండేశ్వరి నోటుపుస్తకం తీసి, ఎఫ్ ఎఫ్ అని ఉన్నచోట కొట్టేసి, కొంచెం తగ్గించి సీ సున్నా అని రాసింది. మర్నాడు అన్నం పొడిపొడిగా వచ్చింది.